ఇరువదియొకటవ పుట్టినరోజు

బిడ్డకు 21 ఏండ్లు నిండిన దినము ఏ యింటనైనను సంతోషదినమే. కాని అమెరికాలో శాశ్వత నివాసానుమతికై వేచియున్న తెలుగు కుటుంబములలో ఆ దినము గుబులు పుట్టించుచున్నది. ఆ దేశపు వలస శాసనము 21 ఏండ్లు నిండని అవివాహితులనే ‘బిడ్డలు’గా ఎంచును. ఆ వయస్సు దాటినవారు తల్లిదండ్రుల అర్జీతోపాటు అనుమతి పొందజాలరు. మన పాఠకులలో పలువురి మనుమలు, మనుమరాండ్రు అచట పెరుగుచున్నందున ఈ నిబంధనలను కొంత వివరింపదలచితిమి.

పూర్వము కార్యాలయములలో కాగితములు కదలుట ఆలస్యమైనచో, ఆ తప్పునకు ఫలము బిడ్డయే అనుభవింపవలసి వచ్చెడిది. దీనిని సవరించుటకే 2002 ఆగస్టు 6న బాలల స్థితి రక్షణ శాసనము వెలువడినది. దాని ప్రకారము అమెరికా పౌరులు తమ బిడ్డకై అర్జీ పెట్టినచో, పెట్టిన నాటి వయస్సే లెక్కకు వచ్చును. 20వ ఏట పెట్టిన అర్జీ 23వ ఏట తేలినను, వివాహము కానంతవరకు ఆ బిడ్డ బిడ్డయే.

ఉద్యోగము మూలమున వలస వెళ్లినవారి లెక్క వేరు. అర్జీ ఆమోదము పొంది, వీసా సంఖ్య లభ్యమైన నాటి వయస్సునుండి ఆ అర్జీ పరిశీలనలో గడచిన దినములను తీసివేయవలెను. వీసా సంఖ్య వచ్చుసరికి అమ్మాయికి 21 ఏండ్ల 8 నెలలనుకొందము. పరిశీలనకు 10 నెలలు పట్టినచో, శాసనము దృష్టిలో ఆమె వయస్సు 20 ఏండ్ల 10 నెలలే. అయితే సంఖ్య లభించిన ఏడాదిలోగా ఆమె దరఖాస్తు చేసికొనవలెను; అవివాహితగా ఉండవలెను.

అసలు చిక్కు ఇచటనే కలదు. అధికారి బల్లపై గడచిన కాలమును శాసనము తీసివేయును గాని, ఆమోదము పొందిన పిమ్మట వరుసలో నిలిచిన కాలమును తీసివేయదు. ఏ దేశమువారికిని ఏటేటి వీసాలలో సాధారణముగా 7 శాతమునకు మించి లభింపవు. భారతీయుల అర్జీలు అధికమగుటచే వరుస పదేండ్లకు పైబడి సాగుచున్నది. అర్జీ ఎంత త్వరగా ఆమోదింపబడినచో తీసివేయు దినములు అంత తగ్గుట మరియొక వింత. ప్రతి నెలయు వెలువడు వీసా బులెటినులో రెండు పట్టికలు ఉండును. 2025 ఆగస్టు 15 మొదలు పెట్టుకొనిన దరఖాస్తులకు తుది నిర్ణయ తేదీల పట్టికయే ప్రమాణము.

హెచ్-4 వీసాపై ఉన్న బిడ్డకు ఈ శాసనము ఆ వీసాను పొడిగింపదు. 21 ఏండ్లు నిండినతోడనే అది ముగియును. విద్యార్థి వీసాకో, మరియొక దానికో ముందుగానే మారవలెను. లేనిచో దేశము విడువవలెను. నాలుగేండ్ల ప్రాయమున తల్లి చంకనెక్కి వెళ్లి, అచటనే అక్షరాభ్యాసము చేసి పెరిగిన బిడ్డకు ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

కావున తల్లిదండ్రులు అర్జీ పెట్టిన తేదీని, ఆమోదపు తేదీని, వరుసలో తమ స్థానమును తెలుపు తేదీని ఒకచోట వ్రాసి ఉంచుకొనవలెను. బిడ్డకు 18 ఏండ్లు రాకపూర్వమే లెక్క చూచుకొని, వలస న్యాయవాదిని సంప్రదించుట మేలు. పుట్టినరోజు ఎవరికొరకును ఆగదు గదా!