ర్యాపర్‌కి ఎప్పుడూ ఫ్రెండ్ క్యారెక్టరేనా?

'కుమారి 21ఎఫ్' చూశారా? రాజ్ తరుణ్ పక్కన తిరిగే ఫ్రెండ్స్‌లో శంకర్ గుర్తున్నాడా? ఆ పాత్ర వేసింది నోయెల్ సీన్. మంగళగిరిలో మా బ్యాచ్‌ని అడిగితే, ముఖం అందరూ గుర్తుపట్టారు. అతను ర్యాపర్ అన్న సంగతి మాత్రం ఇద్దరికే తెలుసు. నాకు ఆసక్తిగా అనిపించింది సరిగ్గా ఇదే. సినిమా అతనికి ముఖం ఇచ్చింది. మరి గొంతు ఏమైంది?

నోయెల్‌ది హైదరాబాద్. తెలుగులో ర్యాప్ అంటే 'ఇదేం పాటరా బాబూ' అని నవ్వే రోజుల్లో మైక్ పట్టుకున్నాడు. 2006లో 'సంభవామి యుగే యుగే'తో తెరమీదకి వచ్చాడు. అప్పటికి యూట్యూబ్ వయసు ఏడాది! పాట రాసి అప్‌లోడ్ చేసి, రాత్రికి రాత్రి ఫాలోవర్లని సంపాదించుకునే దారి లేదు. జనానికి కనిపించాలంటే సినిమానే దిక్కు.

బాగా పేరు తెచ్చిన 'కుమారి 21ఎఫ్' వచ్చింది 2015లో. అంటే మధ్యలో తొమ్మిదేళ్లు. సుకుమార్ రాసిన ఆ కథలో ఫ్రెండ్స్ ఉత్తి కామెడీకి పెట్టినవాళ్లు కాదు. కథ మలుపు తిరిగేదే వాళ్ల దుర్మార్గం మీద. ప్రేక్షకుడు అసహ్యించుకునే పాత్రని ఒప్పుకుని చేయడం చిన్న విషయం కాదు. నోయెల్‌లో నటుడు ఉన్నాడని తేలిపోయింది. 2020లో నాగార్జున హోస్ట్ చేసిన బిగ్‌బాస్ 4కి వెళ్లాడు కానీ, ఆరోగ్యం బాగోక మధ్యలోనే బయటకి వచ్చేశాడు.

నాలుగు లైన్లేనా?

మన సినిమా పాటలో ర్యాపర్‌కి దొరికేది మామూలుగా మధ్యలో నాలుగు లైన్లు. పల్లవి వేరేవాళ్లది, ట్యూన్ వేరేవాళ్లది. తెరమీద ఫ్రెండ్ క్యారెక్టర్ కూడా అంతే కదా. హీరో కథలో నాలుగు సీన్లు. ర్యాప్ అంటేనే 'నా కథ నేనే చెప్తా' అనే కళ. అలాంటివాడికి ఎప్పుడూ ఇంకొకరి కథలోనే చోటు దొరుకుతోంది.

పక్క రాష్ట్రం చూడండి. మన 'ధృవ'కి మ్యూజిక్ ఇచ్చిన హిప్‌హాప్ తమిళా ఆది 2017లో 'మీసయ మురుక్కు' తీశాడు. కథ తనదే, డైరెక్షన్ తనదే, మ్యూజిక్ తనదే, హీరో కూడా తనే. అమెరికాలో ఐస్ క్యూబ్ 1991లో 'బాయ్జ్ ఎన్ ద హుడ్'తో నటుడయ్యాడు. 1995లో 'ఫ్రైడే'కి ఇంకొకరితో కలిసి తనే స్క్రిప్ట్ రాసుకున్నాడు. ఇద్దరూ ఛాన్స్ కోసం కూర్చోలేదు. పెన్ను పట్టుకున్నారు. ర్యాపర్‌కి బాగా వచ్చిన పని కూడా అదే!

మన నేల మీద మొదటి ర్యాపర్?

నవ్వకండి, నా ఓటు షేక్ నాజర్‌కే. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఆయన ఊరు. బుర్రకథకి మారుపేరు. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. తాళం తప్పకుండా గంటలకొద్దీ కథ నడిపిస్తూ, మధ్యలో ఊళ్లో పెద్దమనుషులకి చురకలు వేయడం! బీట్ ఉంది, పంచ్ ఉంది, జనం బాధ ఉంది. పేద పింజారి కుటుంబంలో పుట్టిన ఆ మనిషికి 1986లో పద్మశ్రీ వచ్చింది. తన బతుకు కథకి 'పింజారి' అనే పేరు పెట్టుకున్నాడు. కులం పేరుతో చిన్నచూపు చూసిన లోకం ముందు ఆ పేరునే జెండాలా ఎత్తిపట్టాడు. ఇంతకంటే హిప్‌హాప్ ఏముంటుంది చెప్పండి!

ఇప్పుడు మా ఊళ్లో ఫోన్‌లో బీట్ పెట్టుకుని రాసే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే. సినిమా ఛాన్స్ వస్తే వెళ్లండి, ఫ్రెండ్ క్యారెక్టరైనా చేయండి. నోయెల్ లాంటివాళ్లు ముందు నడిచారు కాబట్టే, ర్యాపర్ నటించగలడని ఇవాళ ఎవరికీ రుజువు చేయక్కర్లేదు. కానీ రాయడం మాత్రం ఆపొద్దు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి రోజంతా నేసే నాన్న, అప్పు తెచ్చి మిర్చి వేసి యార్డులో రేటు కోసం పడిగాపులు పడే మామయ్య... ఈ కథలు మన యాసలో చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఎవరూ రారు. మనమే చెప్పుకోవాలి. అప్పుడు ఆ కథలో ఫ్రెండ్ క్యారెక్టర్ ఎవరికి ఇవ్వాలో కూడా మనమే డిసైడ్ చేయొచ్చు!