ముద్దాయియు, వాని బారిష్టరును

“హంతకుని పక్షమున నిలుచు వకీలునకు మనస్సాక్షి యెక్కడిది?” అను ప్రశ్న జగ్గయ్యపేట బజారులోను, నందిగామ కోర్టు ముంగిటను క్రొత్తది కాదు. పొలముగట్టు తగవు ముదిరి, కఱ్ఱలు లేచి, యొక ప్రాణము పోయినపుడు, మృతుని వారి దుఃఖమును జూచిన వారికి ఈ మాట నోటికి వచ్చుట సహజము. సహజమైనదెల్ల న్యాయము కాదు. గట్టుతగవులో నేడు ఫిర్యాదియైనవాడు రేపు ముద్దాయి కావచ్చును. కావున నీ ప్రశ్నను భూవసతి గలవారు నిదానముగా విచారింపవలెను.

వకాలతు పుచ్చుకొన్న న్యాయవాది తీర్పరి కాడు. నేరము రుజువైనదో లేదో తేల్చుట ధర్మాసనము పని. ఒక వైపున పోలీసులు, సాక్షులు, సర్కారు ధనము. రెండవ వైపున కటకటాల వెనుక నొంటరి మనుష్యుడు. ఈ తూనికను సరిచేయుటకే వకీలు. ముద్దాయి దోషియని తనకు దోచినను, ఆ యభిప్రాయమును ప్రక్కనబెట్టి వాని పక్షమున వాదింపవలెనని భారత బార్ కౌన్సిల్ నియమములే విధించుచున్నవి.

ఈ సంబంధమునకు పునాది నమ్మకము. కక్షిదారు తన వకీలుతో జెప్పిన మాటను వాని సమ్మతి లేక బయటపెట్టరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 126వ సెక్షను శాసించెను. 2024 జులై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షను ఆ రక్షణమునే కొనసాగించుచున్నది. నేరము చేయుటకై యడిగిన సలహాకు మాత్ర మీ రక్షణము లేదు. వైద్యునియొద్దను వకీలునొద్దను దాపరికము పనికిరాదని మనవారందుఱు. కాని పల్లెలలో కేసు వకీలు గుమ్మము తొక్కకముందే కథ రచ్చబండమీద తయారగుచుండును. ఎవరు కొట్టినది, ఎవరు చూచినది పెద్దలే నిర్ణయింతురు. నిజము వకీలునకు ఎదుటిపక్షపు సాక్షి నోటనే తెలియును. అప్పటికి వాదము నీళ్లపాలగును. తన వకీలునకే అబద్ధము చెప్పిన ముద్దాయి తన యురిత్రాటిని తానే పేనుకొనును.

నిజము చెప్పినపుడు వకీలు గతి యేమి? 1840లో లండను నగరమున విలియం రస్సెల్ ప్రభువును జంపెనని కుర్వాజియే యను సేవకుని విచారించుచుండగా, నడుమనే వాడు తన బారిష్టరు చార్లెస్ ఫిలిప్సుతో నేర మొప్పుకొనెను. ఫిలిప్సు కేసు వదలదలచి, ఆసనమున నున్న న్యాయమూర్తులలో నొకరిని సంప్రదించెను. కక్షిదారు కోరినచో విడువరాదనియు, సాక్ష్యమునుండి న్యాయముగా బుట్టు వాదములన్నియు చేయవలెననియు సలహా లభించెను. ఆయన యట్లే చేసెను. సేవకునకు ఉరి తప్పలేదు. ఫిలిప్సును లోకము చిరకాలము దూషించెను. అయినను న్యాయమిట్లు స్థిరపడినది: నిజమెఱిగిన వకీలు అబద్ధపు సాక్ష్యము సృష్టింపరాదు, నిరపరాధిపై నేరము మోపరాదు, అయినను ప్రభుత్వపక్షపు రుజువును పరీక్షింపక విడువరాదు.

వకీలు లేనపుడు జరుగునది మన పొలిమేరకు ఆవలనే కానవచ్చినది. 1948 సెప్టెంబరు పోలీసుచర్య పిమ్మట నల్లగొండ జిల్లాలోని హత్యకేసులను ప్రత్యేక న్యాయస్థానములు విచారించి, 1949 ఆగస్టులో కొందఱు తెలంగాణ రైతుపోరాటపు మనుష్యులకు మరణశిక్షలు విధించెను. తమకు నచ్చిన వకీలును బెట్టుకొను నవకాశము దొరకలేదని వారు మొఱపెట్టుకొనిరి. ఆంగ్ల బారిష్టరు డి.ఎన్. ప్రిట్టు సుప్రీంకోర్టులో వారి పక్షమున వాదించెను. జనార్దనరెడ్డి కేసని పేరొందిన యా తీర్పు 1951 మార్చి 16న వెలువడినది. వకీలు లేనంతమాత్రమున విచారణము చెల్లకపోదని కోర్టు పిటిషనును కొట్టివేసెను. తరువాత ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారినందున ప్రాణములు దక్కెను. ఆ పోరాటమును మెచ్చని భూస్వాములు మన నందిగామ తాలూకాలోను ఎందఱో యుండిరి. ఆ ముద్దాయిల మార్గము వేఱు, వారికి వకీలు గావలెనను హక్కు వేఱు.

నాటి కొఱతను కాలము కొంత దిద్దినది. నచ్చిన న్యాయవాదిచే వాదింపించుకొను హక్కును రాజ్యాంగము 22వ యధికరణము ప్రకటించినది. బీద ముద్దాయికి ఉచితముగా వకీలు నేర్పరుపకుండ విధించిన శిక్ష నిలువదని 1986లో సుఖదాస్ కేసున సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము నిర్బంధమున నున్నవానికి ఆదాయముతో నిమిత్తము లేక యీ సహాయము లభించును. కొందఱు పోలీసుల పక్షమున నెవరును వాదింపరాదని కోయంబత్తూరు వకీళ్లు చేసిన తీర్మానమును 2010లో సుప్రీంకోర్టు చట్టవిరుద్ధమని త్రోసివేసెను. అక్కడ దిక్కులేని ముద్దాయిలు పోలీసులే! వెలివేయు నలవాటు నేడొకని ద్వారము, రేపు మఱియొకని ద్వారము మూయును.

అయినను చట్టము వకీలును జూపగలదు గాని నమ్మకమును పుట్టింపజాలదు. ఫీజు పుచ్చుకొని, కాగితములు చదువక, వాయిదానాడు గుమాస్తాను బంపు వకీలు ముద్దాయికి చేయు ద్రోహము, నిజము దాచు ముద్దాయి తనకు దాను చేసికొను ద్రోహమునకు తీసిపోదు. జైలులోనున్న కక్షిదారును స్వయముగా గలిసికొని, కేసు మంచిచెడ్డలు నిర్మొగమాటముగా జెప్పుట వకీలు విధి. “తప్పక విడుదల చేయించెదను” అను వాగ్దానము వాదము కాదు, వ్యాపారము.

నందిగామ నేడు ఎన్టీఆర్ జిల్లాలో జేరినను, గట్టుతగవులును ముఠాకక్షలును జిల్లాతోబాటు మారవు. గ్రామపెద్దలు చేయదగిన పని యొక్కటి కలదు: కేసు బుట్టినపుడు కథ నల్లుట మాని, ముద్దాయిని వకీలుతో నొంటిగా మాటాడనిండు, ఆ వకీలును నిందింపకుడు. మన పగవానికి దక్కని న్యాయము మనకును దక్కదు.