నది గుట్టు పురుగులకు ఎరుక

నది బాగుందో లేదో తెలియాలంటే నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు పంపాలి గానీ, రాళ్ల కింది పురుగులను లెక్కపెట్టడం ఎందుకు?

ఇంగ్లండులో కెన్నెట్ అనే నది ఉంది. 2013 జులై మొదట్లో మార్ల్‌బరో ఊరి దిగువన స్వచ్ఛంద కార్యకర్తలు ఎప్పటిలాగే వల పెట్టి చూశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి, చేపలు చావలేదు. కానీ వలలో పడ్డ పురుగులు చచ్చినవో, చావబోతున్నవో! వెంటనే ప్రభుత్వ పర్యావరణ సంస్థకు కబురు పెట్టారు. పరీక్షిస్తే క్లోర్‌పైరిఫాస్ బయటపడింది. మన రైతులకు బాగా తెలిసిన పురుగుమందే. ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రం గుండా నదిలో కలిసి, సుమారు 15 కిలోమీటర్ల మేర పురుగులనూ చిన్న రొయ్యలనూ తుడిచిపెట్టేసింది.

చేపలెలా బతికాయి? ఆ మందు పురుగుల నరాలను దెబ్బతీయడానికి చేసింది. చేపలను చంపడానికి చాలని మోతాదు కూడా పురుగులకూ రొయ్యలకూ ప్రాణాంతకమే. చేపలు తేలేదాకా ఆగి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన విషం తెల్లారేసరికి దిగువకు పోతుంది. పురుగు ఎక్కడికి పోతుంది? మేఫ్లై అనే పురుగు రెక్కలతో బతికేది ఒకటి రెండు రోజులే గానీ, అంతకుముందు పిల్లపురుగుగా నెలల తరబడి, కొన్ని జాతులైతే రెండేళ్ల దాకా నీటిలోనే ఉంటుంది. పలుచటి మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది కనుక నీటిలో ఏది కలిసినా ముందు దానికే తగులుతుంది. స్టోన్‌ఫ్లై అనే పురుగుకు ఆక్సిజన్ నిండుగా ఉన్న చల్లటి పారే నీరు కావాలి. హిమోగ్లోబిన్‌తో ఎర్రగా ఉండే రక్తపురుగు ఆక్సిజన్ తగ్గిన బురదలోనూ బతుకుతుంది. స్టోన్‌ఫ్లై మాయమై రక్తపురుగు పెరిగిందంటే నది ఊపిరి తగ్గిందన్నమాట.

మరి లెక్క ఎలా? రివర్‌ఫ్లై పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థల కూటమి 2007 నుంచి గాలం వేసేవాళ్లకు నేర్పుతున్న పద్ధతి ఇది. వల మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దానికి ఎగువన మూడు నిమిషాలు కాళ్లతో గులకరాళ్లను కెలకాలి. మరో నిమిషం రాళ్లను చేత్తో రుద్ది చూడాలి. వలలో చేరిందంతా తెల్లటి ట్రేలో నీళ్లు పోసి వదలాలి.

మొదట ఇసుకే కనిపిస్తుంది. కాసేపు ఓపిక పడితే ఆ ఇసుకలో ఒక సన్నటి గొట్టం నడుస్తుంది! కాడిస్ పురుగు తన నోటి పట్టుదారంతో ఇసుక రేణువులను అతికించి కట్టుకున్న ఇల్లది.

లెక్కించేది ఎనిమిది రకాలే. ఒక్కో రకం 1 నుంచి 9 ఉంటే ఒక మార్కు, 99 దాకా రెండు, 999 దాకా మూడు, ఆపైన నాలుగు. మొత్తం ఆ చోటుకు ముందే నిర్ణయించిన అంకె కంటే తగ్గితే మళ్లీ పరీక్షించి, అప్పుడూ తగ్గితే అధికారులకు ఫోన్ చేస్తారు. పురుగులను తిరిగి నదిలో వదిలేస్తారు.

ఏదో తప్పు జరిగిందని పురుగు చెబుతుంది, ఏ విషమో చెప్పలేదు. అది తేల్చడానికి ల్యాబు కావలసిందే. కానీ ల్యాబుకు ఎప్పుడు పరుగెత్తాలో చెప్పేది మాత్రం నెలనెలా నదిలో దిగే మనుషులే.

ఈసారి ఏ వాగులోనైనా దిగితే ఒక రాయి తిప్పి, అడుగున ఏం కదులుతోందో చూడండి. చూశాక ఆ రాయిని మళ్లీ అలాగే పెట్టేయండి.