కణం దిక్కు తప్పితే

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 1,27,000 మందికి వచ్చిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. స్టవ్ మీద పాలు కాగే నాలుగు నిమిషాల్లో ఒకరికన్నమాట.

దాదాపు ఈ కేసులన్నిటి వెనకా ఉన్నది హెచ్‌పీవీ అనే వైరస్. అందులో 200కు పైగా రకాలున్నా, ప్రపంచవ్యాప్తంగా 70 శాతం కేసులకు 16, 18 నంబర్ల రకాలే కారణం. 6, 11 రకాలు సాధారణంగా పులిపిర్లతో సరిపెడతాయి. ఒకే కుటుంబంలో ఇంత తేడా ఎందుకు?

జవాబులో కొంత భాగం కణ ధ్రువతలో ఉంది. కణానికి పైవైపు ఏది, కిందివైపు ఏది అన్న ఏర్పాటే ధ్రువత. పేగు లోపలి పొరలో కణం పైవైపు నుంచి ఆహారసారాన్ని పీల్చుకుని, కిందివైపు నుంచి రక్తానికి అందిస్తుంది. వైపులు కలగాపులగమైతే ఆ పని సాగదు. ఈ హద్దులు కాపాడే ప్రొటీన్లలో స్క్రిబుల్, డీఎల్‌జీ, ఎల్‌జీఎల్ ముఖ్యమైనవి. ఈ మూడూ కలిసి పనిచేస్తాయని 2000లో డేవిడ్ బిల్డర్, నార్బర్ట్ పెరిమాన్ బృందం పండ్ల ఈగల్లో చూపింది. వీటిలో ఒక్కటి లోపించినా, ఈగ లార్వాలో ఒకే వరసగా ఉండాల్సిన కణాలు గుట్టపడి కణితి అవుతాయి.

హెచ్‌పీవీ గురిపెట్టేది వీటినే. వైరస్ తయారుచేసే ఈ6 ప్రొటీన్‌లో సుమారు 150 అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్‌ను కూర్చే చిన్న అణువులు ఉంటాయి. 16, 18 రకాల్లో చివరి నాలుగూ స్క్రిబుల్‌కూ డీఎల్‌జీకీ అతుక్కుంటాయి. ఆపైన వాటిని కణం తన ప్రొటీన్లను తానే ముక్కలు చేసుకునే యంత్రాంగానికి ఈ6 అప్పగిస్తుంది. 6, 11 రకాలకు ఆ చివరి నాలుగు లేవు. 1,600కు పైగా అమైనో ఆమ్లాలున్న స్క్రిబుల్‌కు ఆ నాలుగు చాలడం నాకైతే ఇప్పటికీ వింతే.

మరి ధ్రువత పోతే క్యాన్సర్ వచ్చినట్టేనా? కాదు. ఈగల్లో స్క్రిబుల్ లేని కణాలు కొన్నే ఉంటే, చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణాలు వాటిని తొలగిస్తాయి. వాటిలో పెరుగుదలను రెచ్చగొట్టే రాస్ జన్యువు కూడా చెడితేనే అవి పక్క కణజాలంలోకి చొరబడతాయని 2003లో తేలింది. ఈ6 కూడా ధ్రువతతో ఆగదు. దెబ్బతిన్న కణాన్ని అడ్డుకునే పీ53 ప్రొటీన్‌నీ నాశనం చేస్తుంది.

వైరస్ సోకినవాళ్లలో పదిమందిలో తొమ్మిది మందికి రెండేళ్లలో అది దానంతటదే పోతుంది. పోనివాళ్లలోనూ క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా 15–20 ఏళ్లు పడుతుంది. పరీక్షకు దొరికే వ్యవధి అదే.

హెచ్‌పీవీ టీకాలో ఈ6 ఉండదు. వైరస్ పైతొడుగు ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. వైరస్ కణంలోకి రాకముందే ఆపుతుంది కాబట్టి చిన్న వయసులోనే వేయించాలి. మన దేశంలో తయారయ్యే సెర్వావ్యాక్ 6, 11, 16, 18 రకాలను అడ్డుకుంటుంది. మిగతా 30 శాతం కేసుల మాటేమిటంటారా? అందుకే టీకా వేయించుకున్నా 35 ఏళ్లలోపు ఒకసారి, 45లోపు మరోసారి హెచ్‌పీవీ పరీక్ష అవసరం.