ససాక్‌ల పెళ్ళి: ఏది నిలుపుకోవాలి?

రుక్మిణిని కృష్ణుడు ఎత్తుకుపోయాడని చెప్పుకుంటాం. కాని రమ్మని కబురు పెట్టింది రుక్మిణే కదా! ఆ సంగతి గుర్తుంచుకుంటే ఇండోనేషియాలోని లొంబోక్ దీవిలో ససాక్ జాతివారి పెళ్ళి మనకంత వింతగా తోచదు.

లొంబోక్ బాలికి తూర్పున ఉంది. ససాక్‌లలో అత్యధికులు ముస్లిములు. వారి వివాహ పద్ధతికి 'మెరారిక్' అని పేరు. ఒకరినొకరు ఇష్టపడిన పిల్లా, పిల్లవాడూ ముందే మాట అనుకుంటారు. పొద్దుగూకాక ఆమె అతని వెంట ఇల్లు విడిచి వెళుతుంది. అతడు ఆమెను బంధువుల ఇంట ఉంచుతాడు. మన ఊళ్ళల్లో అయితే 'లేచిపోయింది' అని చెవులు కొరుక్కుంటారు. అక్కడ మాత్రం పెళ్ళికి అదే మొదటి మెట్టు!

తర్వాత రాయబారులు వెళ్ళి పిల్ల ఊరి పెద్దకూ, కన్నవారికీ కబురు చెబుతారు. వీటిని 'సెజాతి', 'సెలాబర్' అంటారు. ఇచ్చిపుచ్చుకోడాలు తేలాక ఇస్లాం పద్ధతిన నిఖా జరుగుతుంది. 'సొరొంగ్ సెరా' అనే వేడుకలో ఇరుపక్షాల వక్తలు గంభీరమైన పాతకాలపు భాషలో వాదించుకుంటారు. వారిని 'పెంబాయున్' అంటారు. చివర 'ఞొంగ్‌కొలన్': పెద్ద పెద్ద డోళ్ళు మోగుతుండగా వధూవరులను ఊరేగింపుగా పిల్ల పుట్టింటికి తీసుకువెళతారు.

ఇక చిక్కంతా ఎక్కడుందంటే, ఈ ఆచారం మాటున ఈడు రాని పిల్లలను, ఇష్టం లేని పిల్లలను కూడా తీసుకుపోవడం ఉంది. ఒక రాత్రి బయట గడిపిన పిల్లను తిరిగి ఇంటికి తెచ్చుకుంటే పరువు పోతుందని తల్లిదండ్రులు తలవంచుతారు. ఇండోనేషియా 2019లో ఆడపిల్ల పెళ్ళి వయస్సును 16 నుంచి 19 ఏళ్ళకు పెంచింది. ఆచారం పేరుతోనైనా బలవంతపు పెళ్ళి నేరమేనని 2022లో చట్టం చేసింది. కొన్ని ఊళ్ళవారు 'అవిగ్-అవిగ్' అనే తమ సొంత కట్టుబాట్లలోనే బాల్యవివాహాలను నిషేధించుకున్నారు. ఆచారాన్ని ఆచారంతోనే దిద్దుకోవడమంటే ఇదే.

మిత్రులారా! డోళ్ళ స్థానంలో మైకుల హోరు వచ్చిందని అక్కడి పెద్దలు బాధపడుతున్నారు. ఆ బాధ న్యాయమైనదే. డోలూ నిలవాలి, పెంబాయున్ పలికే భాషా నిలవాలి. కాని వాటన్నిటికన్నా ముందు నిలవవలసింది పిల్ల తన నోటితో చెప్పే 'సరే' అన్న మాట. అది లేనినాడు మెరారిక్ పెళ్ళి కాదు, ఉత్త అపహరణం.