పాఠశాల బాలబాలికలకు మూత్రపరీక్ష

మూత్రపిండముల వ్యాధులలో ననేకములు నొప్పి లేకయే యారంభించును. బిడ్డ బడికి పోవుచు, ఆటలాడుచు ఆరోగ్యముగనే కనబడుచుండగా లోపల మూత్రపిండములు క్రమముగా చెడుచుండవచ్చును. ముఖము, కాళ్లు వాచి తలిదండ్రులు గుర్తించునప్పటికి ఒక్కొక్కప్పుడు కాలము మించిపోవును. ఇట్టి వ్యాధులలో కొన్నిటిని మూత్రపరీక్షచే ముందుగనే కనుగొనవచ్చును.

ఆరోగ్యవంతుల మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు అత్యల్పముగా నుండును. మూత్రపిండములలోని వడపోత చెడినప్పుడు అదియు, రక్తకణములును మూత్రములోనికి దిగును. వాపులతో బాధపడు రోగుల మూత్రమును కాచినయెడల నది గడ్డకట్టుననియు, అట్టివారి మూత్రపిండములు చెడియుండుననియు లండనునందలి రిచర్డు బ్రైటు అను వైద్యుడు 1827లో ప్రకటించెను. నేడు రసాయనము పూసిన చిన్న పట్టీని మూత్రములో ముంచి, రంగు మారుటను చూచినచో కొలది నిమిషములలో సంగతి తెలియును.

జపాను దేశమున 1974 మొదలుకొని పాఠశాల పిల్లలకు ఏటేట ఈ పరీక్ష జరుగుచున్నది. పిల్లలు ఉదయము నిద్ర లేచిన వెంటనే పట్టిన మూత్రమును తెత్తురు. దోషము కనబడినచో మరియొకసారి పరీక్షింతురు. రెండవసారియు కనబడినవారినే వైద్యునియొద్దకు పంపుదురు.

ఈ క్రమమునకు కారణము గలదు. కొందరు పిల్లలకు నిలిచి తిరుగుచున్నంతసేపు మాత్రమే మూత్రములో ఆల్బుమిన్ పోవును. పరుండి లేచినప్పుడు పోదు. ఇది వ్యాధి కాదు. జ్వరమువలనను, అధిక వ్యాయామమువలనను కూడ నది తాత్కాలికముగా కనబడవచ్చును. బహిష్టు దినములందు బాలికల మూత్రమును పరీక్షింపరాదు. ఒక్క పరీక్షతోనే బిడ్డను రోగియని నిర్ణయించుట ఇంటిల్లిపాదికిని వృథా భయము కలిగించుటయే. ఆరోగ్యముగా నున్న పిల్లలందరకు ఈ పరీక్షవలన కలుగు లాభము స్వల్పమని అమెరికా శిశువైద్యుల సంఘము 2007లో తన సిఫారసులనుండి దీనిని తొలగించెను. కావున మలి పరీక్షకును, చికిత్సకును ఏర్పాటు లేనిచోట పట్టీలు పంచుటవలన ప్రయోజనము లేదు.

పరీక్ష జరుగని పాఠశాలలందును ఉపాధ్యాయులు, తలిదండ్రులు గమనింపదగిన చిహ్నములు కలవు. ఉదయము కనురెప్పలు వాచుట, మూత్రము మాంసము కడిగిన నీటివలె లేక చిక్కని తేనీటి రంగున వచ్చుట, నురుగు పట్టి చాలసేపు నిలుచుట, మూత్రము తగ్గుట వానిలో ముఖ్యమైనవి. గజ్జిపుండ్లు చీముపట్టినను, గొంతు పుండైనను కొన్ని వారముల పిమ్మట మూత్రపిండములు వాచుట కలదు. కనుక పుండ్లను ఉపేక్షింపరాదు. పై చిహ్నములలో నేదేని కనబడిన బిడ్డను ఆలస్యము చేయక వైద్యునికి చూపి, మూత్రముతోపాటు రక్తపు పోటును కూడ పరీక్షింపజేయవలెను.