ఆయాసం వయసుదేనా?

పొద్దున్నే దగ్గు, తెమడ. నాలుగు మెట్లెక్కితే రొప్పు. ‘చుట్ట తాగేవాడికి ఆమాత్రం దగ్గుండదా’ అంటాడు తాతయ్య. ‘వయసైపోయింది కదమ్మా’ అంటుంది ముప్ఫై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన నాయనమ్మ.

ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు ఇరుకైపోయే సీవోపీడీ చాలామందిలో బయటపడేది ఇలా ఏళ్లు గడిచాకే. అప్పటికి పోయిన ఊపిరి తిరిగిరాదు. ‘ముందే ఎవరైనా చెప్పుంటే మానేసేవాణ్ని’ అని రోగులు వాపోయేది అందుకే. ఇప్పుడు మానినా జబ్బు జోరు తగ్గుతుందనుకోండి!

పరీక్ష కూడా పెద్దదేం కాదు. స్పైరోమెట్రీ... గొట్టంలోకి గట్టిగా ఊదడమే. పీల్చే మందు ఇచ్చాక కూడా, ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతంకన్నా తక్కువుంటే గాలిగొట్టాలు ఇరుకైనట్లే. సూది లేదు, నొప్పి లేదు. అయినా వెనకడుగే. చుట్ట మానమంటారన్న బెంగ ఒకటి. ‘చేతులారా తెచ్చుకున్నదేగా’ అన్న సిగ్గు మరొకటి. పొయ్యి పొగని ఎవరు కోరి పీల్చారట?

అలాగని అందరూ ఊదక్కర్లేదు. ఏ లక్షణాలూ లేని పెద్దలకు ఈ పరీక్ష వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లో చెప్పింది, 2022లోనూ అదే మాట అంది. చిక్కల్లా దగ్గుతూ కూడా ‘నాకేం లేదు’ అనేవాళ్లతోనే. ఆయాసం ఉందా అంటే లేదంటారు. ‘పోయినేడు ఆగకుండా ఎక్కిన మెట్లు ఇప్పుడూ ఎక్కుతున్నారా?’ అనడగండి. కాసేపు ఆలోచిస్తారు.